మె దువేలె, నేస్తం

20 జనవరి 2025, సోమవారం

దుర్గాభవాని.

రాశాను. ఇంకోసారి రాస్తాను. దుర్గాభవాని, దుర్గాభవాని. చెయ్యి పడిపోలేదు, కళ్ళు పోలేదు.

చిన్నప్పటి నుంచీ ఈ పేరు నా నోటితో పలకలేదు, కాగితం మీద కూడా పెట్టలేదు. నేస్తం కట్టుకున్నవాళ్ళు ఒకరి పేరు ఒకరు పలకకూడదు. మా ఊరి అమ్మోరి సంబరంలో అమ్మే మా ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి కొబ్బరికాయలు మార్పించింది, ఒకరి చేత ఒకరికి బొట్టు పెట్టించింది, జాకెట్టు గుడ్డలు ఇప్పించింది. "ఇకమీద దీన్ని నువ్వు నేస్తం అనాల, అది నిన్ను నేస్తం అనాల. పేరెట్టి పిలిస్తే నేస్తరికం తెగిపోతాది" అంది.

తెగిపోయింది కదా. పోయిన ఏడు శివరాత్రి ముందు అమ్మ పోయిన రోజే తెగిపోయింది. ఇంక పేరు రాస్తే ఏం, గోడల మీద రాస్తే ఏం.

ఈ రోజు ఆ దుర్గాభవాని క్లాసులోనే చేరాను. శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్లో, మందుల షాపు పైన రెండో అంతస్తు. విశాఖపట్నం కంపెనీ ఒకటి స్పానిష్ ఊరికే నేర్పి, నెగ్గినవాళ్ళకి ఇంటి నుంచే ఉద్యోగం ఇస్తుందట. హైదరాబాదులో నాలుగేళ్ళు స్పానిష్ కస్టమర్లతో మాట్లాడి జీతం తీసుకున్నదాన్ని, ఏమీ రాని దానిలా వెనక బల్ల మీద కూర్చున్నాను. నన్ను చూడగానే ఆవిడ చేతిలో మార్కరు జారి కిందపడింది. బయటికి పొమ్మంటుందని ఎదురుచూశాను. అనలేదు. అంటే బాగుండేది, మెట్ల మీదే ఉతికి ఆరేసేదాన్ని.

21 జనవరి

హాజరు పిలిచింది. అందరి పేర్లూ పూర్తిగా, తేనె పూసినట్టు పిలిచింది. నా వంతు వచ్చేసరికి ఆగి, తలెత్తి నన్ను చూసి, టిక్కు పెట్టుకుని ముందుకు పోయింది. నా పేరు పిలవలేదు.

22 జనవరి

ఇవాళా పిలవలేదు. అర్థమైంది. దేముడమ్మ అనే పేరు ఆ ఏసీ గదిలో పలకాలంటే మేడం గారికి నామోషీ. మా నాయనమ్మ పేరు నాది. ఈవిడ నా పక్కన మట్టిలో ఆడుకున్నప్పుడు గుర్తు రాలేదు కాబోలు ఈ పేరు మోటుదని.

24 జనవరి

మెట్ల దగ్గర బోర్డు మీద ఆవిడ ఫోటో పెట్టారు. కింద ఇంగ్లీషులో, రెండేళ్ళ బోధనానుభవం అని.

ఏ రెండేళ్ళు? అమ్మకి ఒంట్లో బాగోలేదని నేను హైదరాబాదు వదిలి వచ్చేశాక, శ్రీకూర్మం రోడ్డు మీద మా ఇంటి అరుగు మీద, అమ్మ మంచం పక్కన పీట వేసుకుని నా దగ్గర నేర్చుకున్న రెండేళ్ళు. నేను చెప్పాను, అది నేర్చుకుంది. దాన్నే బోధనానుభవం అని రాసుకుంది. నిజమే, బోధనే జరిగింది. చేసింది మాత్రం నేను.

ఈ టీచరు ఉద్యోగానికి విశాఖపట్నంలో ఇంటర్వ్యూకి మా ఇద్దర్నీ ఒకే రోజు రమ్మన్నారు. ఆ రోజు తెల్లవారుజామున అమ్మ పోయింది. నాన్న తన అన్నదమ్ములకంటే ముందు దుర్గాభవానికి ఫోన్ చేశాడు. మావైపు అంతే, నేస్తానికి ముందు చెప్పాలి. ఆవిడ ఫోన్ ఎత్తింది, విన్నది, బస్సెక్కి ఇంటర్వ్యూకి పోయింది. ఆ రోజు రాలేదు. పదోరోజుకీ రాలేదు. ఉద్యోగం మాత్రం వచ్చింది. తరవాత ఊళ్ళో ఇల్లు కూడా ఖాళీ చేసి తల్లినీ తమ్ముళ్ళనీ తీసుకుని టౌనుకి పోయింది.

నేను ఏడవలేదు ఆ రోజు. వీధి మలుపు కేసి చూస్తూ కూర్చున్నాను.

27 జనవరి

ఇష్టాయిష్టాల పాఠం మొదలైంది. మె గుస్తా, మె ఎన్కాంతా, మె మొలెస్తా, మె దువేలె. నచ్చడం, చాలా నచ్చడం, చిరాకెయ్యడం, నొప్పి పెట్టడం.

గదిలో తెలుగు మాట్లాడకూడదని గోడకి కాగితం అంటించారు. అందుకని మేడం గారు ఇంగ్లీషులోంచి స్పానిష్‌లోకి లాక్కొస్తున్నారు. ఒక్కళ్ళకీ ఎక్కలేదు. నా ముందు బల్లలో ఫిన్నీ అనే కుర్రాడు, బాప్టిస్టు చర్చిలో కీబోర్డు వాయిస్తాడట, మామిడిపండుకి తనంటే ఇష్టమని అర్థం వచ్చేలా చెప్పి కూర్చున్నాడు. క్లాసంతా నవ్వింది. దుర్గాభవాని చెమట తుడుచుకుంది. నాకు పండగలా ఉంది.

ఎలా చెప్పాలో నాకు తెలుసు. చెప్పను.

30 జనవరి

ఒళ్ళు మండిపోతోంది. అన్నం తినలేదు.

ఇవాళ కూడా ఎవరికీ ఎక్కకపోతే, మార్కరు బల్ల మీద పెట్టి, తలుపు దగ్గరికి వేసి, దుర్గాభవాని తెలుగులో మాట్లాడింది. "మోకాలు నొప్పెడతన్నాది అంటాం కదా. ఎవులు పెడతన్నారు? నొప్పే పెడతన్నాది. నాను కాదు. నాకు నచ్చినాది అంటే పండే వచ్చి నచ్చినాది. ఈ బాస మన బాసలాగే ఉన్నాది" అంది.

అందరికీ ఒక్కసారిగా వెలిగింది. ఫిన్నీ చప్పట్లు కొట్టాడు.

అది మా అమ్మ మాట. అక్షరం పొల్లుపోకుండా మా అమ్మ మాట. నేను అరుగు మీద ఈ దుర్గాభవానికి పాఠం చెబుతూంటే, మంచం మీంచి విని అమ్మ అంది. నన్ను బడికి పంపినా తను బడి గడప తొక్కని మా అమ్మ చిన్నతల్లి. ఆ తరవాత మాత్ర ఇవ్వడానికి వెళ్తే చాలు, మోకాలు చూపించి "మె దువేలె" అనేది. చివరి నెలల్లో నొప్పి ఎక్కువైనప్పుడు కూడా తెలుగులో అనేది కాదు. నవ్వించడానికి అదే అనేది.

చావుకి రానిది, మా అమ్మ మాట తెచ్చి జీతానికి అమ్ముకుంటోంది. ఎవరన్నారో పేరు కూడా చెప్పలేదు.

31 జనవరి

దీన్ని వదలను.

4 ఫిబ్రవరి

రథసప్తమి. అరసవిల్లికి వచ్చిన జనంతో టౌనంతా కిక్కిరిసిపోయింది, క్లాసు లేదు. నాన్న దర్శనం చేసుకుని ప్రసాదం తెచ్చాడు. రెండు పొట్లాలు తెచ్చాడు. ఒకటి నా చేతిలో పెట్టి, నేస్తానికి ఇయ్యి అన్నాడు. క్లాసులో చేరానని చెప్పాను గానీ ఎందుకు చేరానో నాన్నకి చెప్పలేదు. ఆయన మేమిద్దరం కలిసిపోయామనుకుంటున్నాడు.

ఆ పొట్లం కూడా నేనే తినేశాను.

6 ఫిబ్రవరి

ఫిన్నీ అడిగాడు, మేడం మీ పేరెందుకు పిలవదండీ అని. నా పేరు ఆవిడ నోటికి మోటు అని చెప్పాను. అతను, "మరి ఇంకెవులైనా మీ పేరు పలికితే ఎందుకు తలొంచుకుంటాదండీ" అన్నాడు. నేను గమనించలేదు. గమనించక్కర్లేదు కూడా.

11 ఫిబ్రవరి

దొరికింది.

వచ్చే మంగళవారం కంపెనీ వాళ్ళు క్లాసు చూడటానికి వస్తారట. మెక్సికో నుంచి తెర మీద ఒకావిడ కూడా చూస్తుందట. దుర్గాభవాని ఉద్యోగం ఖాయం చెయ్యాలా, తీసెయ్యాలా అనేది ఆ రోజుతో తేలుతుంది. ఈ మాట ఆవిడే క్లాసులో చెప్పింది, అందరూ బాగా మాట్లాడండి అని బతిమాలింది.

నేను బాగానే మాట్లాడతాను. నా వంతు రాకపోయినా లేచి నిలబడి, మెక్సికో ఆవిడకి సూటిగా అర్థమయ్యేలా, వాళ్ళ భాషలోనే చెబుతాను. ఈ టీచర్ రాసుకున్న అనుభవం అబద్ధం, ఈమెకి నేర్పింది నేను, నమ్మకపోతే మా ఇద్దరికీ ఇప్పుడే పరీక్ష పెట్టండి అని.

12 ఫిబ్రవరి

పెరట్లో అంట్లు తోముతూ ఐదారుసార్లు చెప్పుకున్నాను. గొంతు వణకడం లేదు.

14 ఫిబ్రవరి

బాగా వస్తోంది. మధ్యలో ఒక్కచోట ఆగాలి, వాళ్ళందరూ ఆవిడ మొహం కేసి చూడటానికి.

16 ఫిబ్రవరి, ఆదివారం

నాన్న పెసరచేను నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ సంవత్సరీకం సంగతి ఎత్తాడు. 24న, సోమవారం, తిథి. ఎవరెవరికి చెప్పాలో అనుకుంటూ ముందు నేస్తం పేరే తెచ్చాడు. దాని పేరు ఈ ఇంట్లో ఎత్తొద్దన్నాను. నాన్న నాకేసి చూసి, "దాని పేరు నువ్వెప్పుడెత్తినావే?" అన్నాడు.

ఈ డైరీలో ఎత్తాను అని చెప్పలేను కదా.

రానిదాన్ని ఎందుకు పిలుస్తావని అడిగాను. చావుకి రాని నేస్తం ఏడాది తిరిగేలోగా బియ్యం, కూరగాయలు, చీర పట్టుకుని వచ్చి వాకిట్లో నిలబడొచ్చట. ఇంటివాళ్ళు పిలిస్తే లోపలికి రావాలి, పిలవకపోతే అక్కడే దింపేసి పోవాలి. అమ్మ తన నేస్తం కోసం ఒకసారి అలా ఎవరింటి ముందో నిలబడిందట. నాకు తెలియదు ఆ సంగతి.

"తమ్ముళ్ళిద్దర్నీ అదే సదివిస్తన్నాది. ఆ ఉద్యోగం మీదే నడస్తన్నాది ఆ కొంప" అని కూడా అన్నాడు.

అయితే? నాకూ ఒక కొంప ఉండేది.

18 ఫిబ్రవరి, మంగళవారం

వరుసగా రాయాలి. 

కంపెనీ తరఫున జగన్నాధం గారని వచ్చారు. వచ్చి నా పక్కనే కూర్చున్నారు, చేతిలో ట్యాబు. గోడ మీద తెర, తెరలో మెక్సికో ఆవిడ కాఫీ తాగుతోంది. మనకి సాయంత్రం, అక్కడ అప్పుడే తెల్లవారిందట. దుర్గాభవాని నీలం కాటన్ చీర కట్టుకొచ్చింది. ఒక్కొక్కళ్ళనీ పేరు పెట్టి పిలిచి, ఏది నచ్చుతుంది, ఏది చిరాకు, ఏది నొప్పి అని అడిగింది. పిల్లలు అదరగొట్టారు. ఫిన్నీ అయితే మామిడిపండుని సరిగ్గా తన దగ్గరికి రప్పించుకున్నాడు. మెక్సికో ఆవిడ నవ్వింది.

అందరి వంతూ అయింది. నన్ను దాటేసి పాఠం ముగించబోయింది. నేను లేవడానికి చేతులు బల్ల మీద పెట్టాను. అంతలో జగన్నాధం గారు, ఈ అమ్మాయిని పిలవలేదే అన్నారు. ట్యాబు చూసి, ముందు పంపిన క్లాసు వీడియోల్లో కూడా ఈ ఒక్క పేరూ పిలవలేదు మేడం, నేను గమనించాను అన్నారు. కస్టమరుని పేరు పెట్టి పిలవడమే తమ పనిలో మొదటిదట. అది నేర్పలేని టీచరుకి మార్కు వెయ్యలేరట. దేముడమ్మ అని ఆయనే చదివి, పిలవండి అన్నారు.

దుర్గాభవాని తలొంచుకుంది. ఆయన మళ్ళీ అడిగారు. గోడ మీద కాగితం ఉంది, తెర మీద మెక్సికో ఉంది, అయినా తెలుగులోనే చెప్పింది.

"ఆవిడ పేరు నాను పలకకూడదు సార్. మేం నేస్తం కట్టుకున్నాం. పలికితే తెగిపోతాది."



నెల రోజులు. నెల రోజులుగా నేను ప్రతి రాత్రీ ఇంటికొచ్చి దాని పేరు ఇక్కడ నిండా రాసుకుంటున్నాను, తెగిపోయిందని నాకు నేను చూపించుకోవడానికి. అది రోజూ అందరి ముందూ నా పేరు మింగేసి తలొంచుకుంటోంది, తెగకూడదని. పేరు మోటు అని నేనే అనుకున్నాను. నాకు తట్టలేదా, తట్టనివ్వలేదా? అది ఇప్పుడు రాయలేను.

జగన్నాధం గారు చెడ్డమనిషి కాదు. ఇది క్లాసండీ, ఒక్కసారి పలకండి చాలు, లేకపోతే మీ ఉద్యోగానికి నేను సంతకం పెట్టలేను అన్నారు.

నేను గెలిచాను. నోరు తెరవాల్సిన పని కూడా లేదు. పలికితే నేస్తరికం పోతుంది, పలక్కపోతే ఉద్యోగం పోతుంది. ఎన్నాళ్ళు కూర్చుని అల్లినా ఇంత మంచి పగ నాకు దొరికేది కాదు.

అది నాకేసి చూసింది. ఇద్దరు తమ్ముళ్ళు గుర్తొచ్చి ఉంటారు. పెదాలు విడిపడ్డాయి. నా పేరులో మొదటి అక్షరానికి నాలుక పళ్ళకి ఆనడం కనిపించింది నాకు.  కుర్చీ వెనక్కి పడేంత జోరుగా లేచి నిలబడ్డాను.

అనుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. అంట్ల దగ్గర అన్నిసార్లు చెప్పుకున్నానే, ఒక్కటీ రాలేదు. నోట్లోంచి వచ్చింది మె ఆసె ఫాల్తా మి మమా. నాకు మా అమ్మ కావాలి, ఆవిడ లేని వెలితి తీరడం లేదు.

తరవాత ఆపలేదు. అంతా స్పానిష్‌లోనే. నువ్వు రాలేదు, అది నాకు నొప్పి పెట్టింది, ఇంకా పెడుతోంది అన్నాను. నిన్ను చూస్తే కోపం వస్తోంది, నీ గొంతు వింటే చిరాకేస్తోంది, నీ చీర రంగు కూడా నచ్చడం లేదు అన్నాను. మా అమ్మ మాట నువ్వు పేరు చెప్పకుండా వాడుకున్నావు, అది నాకు అన్నిటికన్నా నొప్పి అన్నాను. క్లాసులో సగం మంది నోట్సు రాసుకుంటున్నారు. జగన్నాధం గారు ట్యాబులో ఏదో టిక్కు పెట్టారు.

అది కదలకుండా అంతా విన్నది. మె దియో బెర్గువెన్సా అంది. నాకు సిగ్గేసింది. ఆ రోజు ఫోను విని కూడా బస్సెక్కాను, పని కావాలనిపించింది, ఇంకేమీ అనిపించలేదు, దిగాక సిగ్గేసింది అంది. రోజులు గడిచేకొద్దీ సిగ్గు పెరిగింది, తగ్గలేదు అంది. పదోరోజు మా వీధి మలుపు దాకా వచ్చిందట. నన్ను చూసి భయమేసి వెనక్కి పోయిందట. ఆ మోకాలి నొప్పి మాట చిన్నతల్లి చెప్పిందని క్లాసులో అనబోయానని, ఆ పేరు పైకంటే ఏడుపొస్తుందని ఊరుకున్నానని చెప్పింది. ఒక్క సాకూ చెప్పలేదు. ఒక్కటైనా చెప్పి ఉంటే దులిపేసేదాన్ని.

దాని కళ్ళ నుంచి నీళ్ళు కారిపోతున్నాయి. తుడుచుకోలేదు. నేను ఏడవలేదు. కొంచెం ఏడ్చాను.

మెక్సికో ఆవిడ తెర మీద కప్పు పక్కన పెట్టి చప్పట్లు కొట్టింది. ఇంత సహజంగా సంభాషణ చేయించిన టీచరుని తను చూడలేదట. జగన్నాధం గారు నాతో, రోల్ ప్లే బాగా చేశారమ్మా, ఎన్నాళ్ళు ప్రాక్టీసు చేశారు అని అడిగారు. ఏడాది అని చెప్పాను.

19 ఫిబ్రవరి

వెళ్ళలేదు. తలనొప్పి. తలే నొప్పెడుతోంది, నేను కాదు.

20 ఫిబ్రవరి

ఫిన్నీ ఫోన్ చేశాడు. ఉద్యోగం ఖాయమైందట. పేరు పెట్టి పిలవాలన్న గడిలో జగన్నాధం గారు ఏదో రాసి సర్దేశారట. మేడం గారు స్వీట్లు కూడా పంచలేదట.

చూశావా అమ్మా. దాని కొంప కూల్చడానికి వెళ్ళి దూలం ఎత్తి పెట్టి వచ్చాను. నాకంటే చేతకానిది ఈ జిల్లాలో ఉందా?

నాన్న సోమవారానికి దానికి కబురు పంపాడు. నన్నడగలేదు. నేనూ వద్దనలేదు. అంటే సరే అన్నట్టు కాదు.

24 ఫిబ్రవరి, సోమవారం

అమ్మ సంవత్సరీకం.

పొద్దున్నే వచ్చింది. ఆటో రోడ్డు మీదే దిగి, చంకలో బియ్యం మూట, ఒక చేతిలో కూరగాయల సంచి, దాని మీద మడత పెట్టిన చీర. వాకిట్లో నిలబడింది. తనుగా ఎవర్నీ పిలవలేదు, పలకరించలేదు. ఎదురింటి అసిరమ్మ చీపురు పట్టుకుని చూస్తూ ఉండిపోయింది. వీధంతా చూసింది. చూడనిమ్మన్నాను.

నాన్న లోపలికొచ్చి, "అది వచ్చినాది, పిలవే" అన్నాడు. పనిలో ఉన్నానన్నాను. ఆకులు తుడిచాను, తుడిచినవే మళ్ళీ తుడిచాను. వంటింటి కిటికీలోంచి చూశాను. ఎండెక్కుతోంది. మూట ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకుంది. కింద పెట్టొచ్చు కదా, పెట్టలేదు. నుదుటి మీద చెమట.

నాకది నచ్చింది. ఇంకా కాసేపు చూశాను, ఇంకా నచ్చింది. ఏడాదిపాటు నేను ఆ మలుపు కేసి చూశాను, అది కాసేపు నా గుమ్మం కేసి చూస్తే ఏమవుతుంది. మూటని మళ్ళీ ఈ చంకకి మార్చుకుంది. వాచిపోయిన అమ్మ మోకాలి మీద అది ఇదే చేత్తో నూనె రాసేది. అప్పట్నుంచి నచ్చలేదు.

గడప దగ్గరికి వెళ్ళి, "రా నేస్తం" అన్నాను.

అది ఏడుస్తూ లోపలికొచ్చింది. క్షమించి పిలిచాననుకుంటోంది. బియ్యం బరువుగా ఉన్నాయని పిలిచాను, అంతే.